డిసెంబర్ నీళ్లు

దేవకుమార్ సార్‌కు కోపం రాదు, నవ్వు రాదు, ఏడుపూ రాదు. ఆరేళ్లుగా నా షాపులో మూలనున్న స్టూలు మీద కూర్చుంటున్నాడు కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. నాకు మాత్రం పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచీ కోపమే. నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందులో, రెండు లాడ్జీల నడుమ జిరాక్స్, టైపింగ్ షాపు పెట్టుకుని ఇరవై రెండేళ్లయింది. భూముల అగ్రిమెంట్లు కొట్టీ కొట్టీ మనుషుల మీద నమ్మకం పోయింది. 'సదరు భూమి యందు పుష్కలమైన నీటి వసతి గలదు' అన్న వాక్యం ఎన్ని వందల సార్లు కొట్టానో నాకే గుర్తు లేదు. వాటిలో ఎన్నింట్లో నిజంగా నీళ్లున్నాయో దేవుడికే తెలియాలి.

దేవుడి తర్వాత దేవకుమార్ సార్‌కు తెలుసు. ఆయన ముప్పై ఏళ్లు సర్కారు నౌకరీలో బావుల లోతు కొలిచాడు. స్టీలు టేపు కొసకు రెండు మూడు మీటర్ల మేర సుద్దముక్క రుద్ది బోరులోకి దించుతాడు. పైకి లాగితే సుద్ద ఎక్కడిదాకా తడిసిందో కనిపిస్తుంది, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తేలిపోతుంది. రిటైరయ్యాక కూడా ఆ టేపు ఆయన సంచీలోంచి బయటికి పోలేదు. ఊళ్లవైపు భూమి కొని తోట పెట్టుకోవాలనుకునే వాళ్లు ఆయన్ను వెతుక్కుంటూ నా షాపుకు వస్తారు. ఆయన వెళ్లి చూసి వచ్చి రిపోర్టు చెబుతాడు, నేను కొడతాను. ఆయన చూపుడువేలికి ఎప్పుడూ ఇంత సుద్ద అంటుకునే ఉంటుంది.

వచ్చినవాళ్లు మామిడి అన్నా, బత్తాయి అన్నా, దానిమ్మ అన్నా ఆయన అడిగేది ఒకటే, మే నెలలో చూశారా అని. చూడలేదంటే ఆగమంటాడు. "డిసెంబర్ల కనవడే నీళ్లు చుట్టాలు. మే నెలల ఉండేటియే ఇంటోళ్లు" అంటాడు. వరి ఎండితే ఒక్క పంట పోతుంది, చెట్టు ఒక్క ఎండాకాలం దప్పికకు ఆగలేకపోతే ఏడేళ్ల కష్టం పోతుంది. అందుకని సగటు వాన ఎంత అని అడగొద్దు, పదేళ్లలో అన్నిటికన్నా చెడ్డ ఏడాది ఏది, ఆ ఏడాది ఈ బోరు ఏం చేసింది అని అడగాలంటాడు. ఇదంతా స్టేషన్లో రైళ్ల టైములు చదివినట్టు చదువుతాడు. విన్నవాళ్లలో సగం మంది మొహం మాడ్చుకుని వెళ్లిపోతారు. మళ్లీ రారు.

ఆయన చాదస్తాలు ఒకటీ రెండూ కాదు. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి పోతాడు. అందరూ పుస్తకాలు వెతుకుతుంటే ఈయన ఎవరూ రాయని పాత సంవత్సరం డైరీలు వెతుకుతాడు. పాత తారీఖులు కొట్టేసి అందులో కొలతలు రాసుకుంటాడు. రిపోర్టులేమో అబిడ్స్ జీపీఓకు నడిచివెళ్లి రిజిస్టరు పోస్టులో పంపుతాడు. ఫోన్లో పంపితే అరక్షణం పని కదా సార్ అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతాడు, మళ్లీ కవరు కొంటాడు.

ఆయన భార్య బెత్సీ టీచరమ్మ నాకు ఆయనకన్నా ముందే తెలుసు. మిషన్ బడిలో తెలుగు చెప్పేది. పరీక్ష పేపర్లు నా దగ్గరే టైపు చేయించుకునేది. ఊళ్లో అందరి తప్పులూ నేను దిద్దితే, నా తప్పులు దిద్దిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెవి గుండ్రటి అక్షరాలు, గీత గీసినట్టుండే వరసలు. కిడ్నీలు పాడై ఆరేళ్ల కిందట పోయింది. సమాధి చేసిన మూడోనాడే సార్ నా షాపుకు వచ్చి ఈ స్టూలు మీద కూర్చుని, ఒక రిపోర్టు ఉంది, టైపు చేస్తవా నర్సమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేం మనిషి, గుండెకాయ ఉండాల్సిన చోట టేపు చుట్టుకుని ఉందా అనుకున్నాను. టీచరమ్మ కోసం నేను ఏడ్చినంత కూడా ఆయన ఏడవలేదు. ఆ మాట మనసులో పెట్టుకునే ఆరేళ్లూ ఆయనకు చాయ్ తెప్పించాను.

ఈ జనవరిలో, నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వచ్చే జనంతో సందులో కాలు పెట్టే జాగా లేని రోజుల్లో, భూపాల్ వచ్చాడు. వెంట అతని పెళ్లాం భాగ్య. భూపాల్ పక్క లాడ్జిలో కౌంటరు దగ్గర ఉంటాడు, భాగ్య బషీర్‌బాగ్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఇద్దరి నాయనలూ పరాయి తోటలకు కావలి కాసినవాళ్లే. ఎప్పటికైనా సొంత తోట ఉండాలని పదేళ్లుగా ఒకటే మాట. భాగ్యకు తల్లి ఇచ్చిపోయిన ఇంటిజాగా ఊళ్లో ఉంటే, మొన్న దసరాకు దాన్ని అమ్మారు. ఆ డబ్బు చెయ్యి దాటితే మళ్లీ భూమి కొనే యోగం ఈ జన్మకు లేదు. అది వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

దేవరకొండ వైపు నాలుగెకరాలు చూశారు. బత్తాయి పెట్టాలని. అమ్మేవాడు మోటారు వేసి చూపించాడట, రెండించుల నీళ్లు దుమికాయట. ఆ నీళ్ల కింద తల పెట్టి నిలబడ్డ వీడియో భూపాల్ నాకు మూడుసార్లు చూపించాడు. శనివారంలోగా అగ్రిమెంటు కాకపోతే ఇంకో పార్టీకి ఇచ్చేస్తానన్నాడట. టైపు చేయమని కాగితాలు నా ముందు పెట్టాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది నీ సంగతి, ముందు సార్‌ను అడుగు అన్నాను.

సార్ అడగాల్సినవన్నీ అడిగాడు. ఎదిగిన బత్తాయి చెట్టు ఎండాకాలంలో రోజుకు వంద లీటర్లకు తక్కువ తాగదన్నాడు. ఎకరానికి నూరు చెట్లన్నా, నాలుగెకరాలకు రోజూ నలభై వేల లీటర్లు. డ్రిప్పు పెట్టినా చెట్టు దప్పిక చెట్టుదే. ఆ నీళ్లు బోరు ఇప్పుడు కాదు, మే నెలలో ఇవ్వాలి. భూపాల్ మొహం చిన్నబోయింది. భాగ్య మాత్రం, మీరు ఒక్కసారి వచ్చి చూడండి సార్ అంది. మరునాడే సంచీ తగిలించుకుని ఇద్దరి వెంట బస్సెక్కాడు.

రెండు రోజులు ఆ ఊళ్లోనే ఉండి చూశాడు. శుక్రవారం పొద్దున ముగ్గురూ తిరిగి నా షాపుకు వచ్చారు. భూపాల్ మొహం వెలిగిపోతోంది. మోటారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపకుండా నడిపితే రెండించుల ధార సన్నబడలేదట. మోటారు వేయకముందు నీళ్లు పదకొండు మీటర్ల లోతున ఉంటే, మర్నాడు పొద్దుటికి మళ్లీ పదకొండుకే వచ్చాయట. సార్ కూడా అదంతా నిజమేనన్నాడు. అన్నాక, స్టూలు మీద కూర్చుని, మే దాకా ఆగాలె అన్నాడు.

భూపాల్ కారణం అడిగాడు. పోయిన వానాకాలం వానలు దండిగా పడ్డాయి, ఇప్పుడు ఏ బోరు చూసినా ఇట్లాగే ఉంటుందన్నాడు సార్. ఆ పొలంలో నిలబడి చూస్తే చుట్టూ తోటల్లో పద్నాలుగు బోర్లు కనిపించాయట. ఇప్పుడు చలికి చెట్లు అడగవు కాబట్టి అవి నడవడం లేదు. ఎండలు ముదిరితే అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఒకే కుండలో పద్నాలుగు చెంబులు ముంచినట్టు ఉంటుంది.

"సార్, నీళ్లు మీ కండ్లతోని సూసిన్రు" అన్నాడు భూపాల్. "టేపు మీది, సుద్ద మీది. ఆడు రేపటిదాకనే ఆగుతడు. ఇంకా ఆగుమంటే గీ జన్మల మాకు తోట ఉండదు."

సార్ మళ్లీ అదే మాట, అదే గొంతుతో అన్నాడు. మే దాకా ఆగాలె.

భూపాల్‌కు తిక్కరేగింది. కోడిగుడ్డుకు ఈకలు పీకేటోళ్లకు ఏ భూమీ నచ్చదన్నాడు. మనుషుల కడుపులో భయం పెట్టడం తప్ప ఈయన ఎవరికైనా మంచి చేశాడా అని నన్ను అడిగాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకూ అట్లాగే అనిపించింది. ఎదురుగా రెండు ప్రాణాలు కొట్టుకుంటుంటే ఆయన గోడ గడియారంలాగా ఒకే మాట కొడుతున్నాడు. నువ్వు కొట్టు అక్కా అన్నాడు భూపాల్. నేను కంప్యూటరు వైపు తిరిగాను. పేర్లు కొట్టాను, సర్వే నంబరు కొట్టాను, నాలుగు దిక్కుల హద్దులు కొట్టాను. 'సదరు భూమి యందు పుష్కలమైన' దాకా వచ్చేసరికి వెనక సంచీ జిప్పు తీసిన చప్పుడయింది.

సార్ చేతిలో ఆకుపచ్చ అట్ట డైరీ ఉంది. నేనెప్పుడూ చూడనిది. ముందు పేజీ తెరిచి భూపాల్ ముందు పెట్టాడు. ఒకే బోరు కొలతలు. డిసెంబరులో తొమ్మిది మీటర్లు. మరుసటి మేలో ముప్పై ఒకటి. ఆపై మేలో నలభై నాలుగు. మూడో మేలో అంకె లేదు, టేపు తడవలేదు అని రాసి ఉంది.

ఇది ఎవరి భూమి అని భూపాల్ అడిగాడు. నాదే అన్నాడు సార్.

ఆరేళ్లుగా పక్కన కూర్చున్న మనిషికి భూమి ఉండేదని నాకు తెలియదు. ఆయన చెప్పాడు, రిపోర్టు చెప్పినట్టే. తొమ్మిదేళ్ల కిందట టీచరమ్మకు డయాలసిస్ మొదలైంది. బత్తాయి తోటలో కూర్చోవాలని ఆమెకు చిన్ననాటి కోరిక. మెదక్ దగ్గర వాళ్ల నాన్న పాస్టరుగా ఉన్న బంగళా వెనక నాలుగు చెట్లుండేవట. డాక్టరు రెండు మూడేళ్లన్నాడు. సార్ డిసెంబరులో ఒక భూమి చూశాడు. ఆమెను కూడా తీసుకెళ్లాడు. ఆయన టేపు దించుతుంటే ఆమె ఊళ్లోకి నడిచివెళ్లి కాసేపు ఎవరి ఇంటి దగ్గరో కూర్చుని వచ్చింది. తొమ్మిది మీటర్లు. చుట్టూ బోర్లు ఎన్నో ఆయన లెక్కపెట్టాడు. ఆగాలని ఆయనకు తెలుసు. ఆగితే ఒక ఏడాది పోతుంది, ఆమెకు ఉన్నవే రెండో మూడో.

"నీళ్లు ఉంటయా అని అడిగింది" అన్నాడు సార్. "ఉంటయి అన్న. ముప్పై ఏండ్లల నేను రాసిన అబద్ధం ఏదీ లేదు. చెప్పిన అబద్ధం అదొక్కటే."

మొక్కలు పెట్టారు. వాళ్ల చర్చి పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. మూడో ఏడు ఫిబ్రవరిలో కొన్ని చెట్లకు పూత వచ్చింది. కుర్చీ తీసుకెళ్లి ఆ చెట్ల మధ్య వేస్తే టీచరమ్మ మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఇంటికి పోదామంటే ఇంకాసేపు అంది. మేలో బోరు ఆగిపోయింది. ట్యాంకర్లు పోయించాడు, చాలలేదు. ఆకులు ముడుచుకున్నాయి, తర్వాత రాలాయి. జూన్‌లో ఆమె పోయింది. ఎండిన తోట చూసి పోయింది. ఇదంతా చెప్పి, అందుకే మే దాకా ఆగాలె అన్నాడు.

భూపాల్ తల దించుకున్నాడు. ఆరేళ్లు ఆయన్ను మనసులో తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

డైరీ భాగ్య చేతిలోకి వచ్చింది. పదో తరగతి దాకా చదివిన పిల్ల, ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. మధ్యలో అన్నీ ఖాళీ పేజీలే. చివరికి వచ్చేసరికి ఆగింది. "సార్, గీడ వేరే రాత ఉన్నది. అమ్మ రాసిందా?" అంది.

టీచరమ్మ డైరీ ఎప్పుడూ వెనక నుంచి రాసేది, నాకు తెలుసు. ప్రార్థనలో తలచుకోవాల్సిన వాళ్ల పేర్లు, సామాన్లు, అన్నీ వెనక నుంచే. ఈ ఒక్క డైరీ ఇద్దరూ వాడారట, సార్ ముందు నుంచి రాసేవాడు. ఆమె పోయాక ఆయన ఆ డైరీ సంచీలో పెట్టుకుని తిరిగాడే తప్ప తెరవలేదట. ఆ పేజీలో గుండ్రటి అక్షరాలతో, గీత గీసినట్టుండే వరసల్లో ఇట్లా ఉంది.

'ఎల్లమ్మ ఇల్లు: ఏప్రిల్ నుంచి ట్యాంకరే దిక్కు. సాయమ్మ: మూడేళ్లలో రెండేళ్లు బోరు ఆగింది. మలుపు దగ్గర ఇల్లు: వాకిట్లో నాలుగు డ్రమ్ములు. నీళ్లుంటే డ్రమ్ములెందుకు? ఈయన మొహం చూస్తే ఈయనకూ తెలిసినట్టే ఉంది. నాకు తెలిసిందని ఈయనకు తెలియకూడదు. కొననీ. ఒక్క పూత చూస్తే చాలు.'

కింద తారీఖు కూడా వేసింది. ఆమె తారీఖు వేయకుండా ఏదీ రాసేది కాదు. రిజిస్ట్రేషన్‌కు నాలుగు రోజుల ముందుదట.

సార్ ఆ పేజీని చాలాసేపు చూశాడు. ఆమె అక్షరాల కింద వేలు పెట్టి చదివితే పేజీ మీద తెల్లటి సుద్ద మరక పడింది. దాన్ని తుడవబోయి, అక్షరం చెదురుతుందని ఆగాడు. ఒక కాపీ తీయి నర్సమ్మా అన్నాడు. తీశాను. కాపీ తీస్తూ ఏడ్చింది నేనే. ఆయన మొహంలో ఏమీ లేదు.

"ఆమెను మోసం జేసిననుకుంట ఆరేండ్లు బతికిన" అన్నాడు. "ఇప్పుడు ఏమనుకోవాల్నో తెలుస్తలేదు."

కాపీని మడిచి భాగ్యకిచ్చాడు. ముప్పై ఏళ్లు టేపు దించాను గానీ ఊళ్లో ఆడవాళ్లను ఈ ప్రశ్న నేనెన్నడూ అడగలేదు బిడ్డా, నువ్వు పోయి అడుగు అన్నాడు.

శనివారం పొద్దున హాస్టల్లో టిఫిన్ పని కాగానే భాగ్య ఒక్కతే బస్సెక్కింది. మొన్న రెండు రోజులూ తానూ అందరిలాగా మోటారు పక్కనే నిలబడ్డానని, ఊళ్లోకి అడుగు పెట్టలేదని తర్వాత నాతో చెప్పింది. ఈసారి మోటారు వైపే పోలేదు. అయిదిళ్ల ఆడవాళ్లతో కూర్చుంది. ప్రతి వాకిట్లో నీలం డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. మార్చి చివర నుంచి వాటిని తిప్పి పెడతామని, ఎండాకాలంలో పిల్లల బట్టలు ఉతకడానికి కూడా వారానికి ఒక్కరోజేనని చెప్పారట. అగ్రిమెంటు కాలేదు. భూపాల్ నెల రోజులు నా షాపు ముందు నుంచి తల తిప్పుకుని పోయాడు. చేతిదాకా వచ్చింది పోయిందన్న బాధ, అది తిట్టినా తీరదు. ఆ భూమిని మరెవరో కొన్నారు. వాళ్ల కాగితం నా దగ్గరికి రాలేదు, వస్తే కొట్టేదాన్ని కాదు.

మే నెలలో, రోడ్డు మీద తారు కరిగే ఎండల్లో, భూపాలే సార్ దగ్గరికి వచ్చాడు. జహీరాబాద్ వైపు రెండెకరాలున్నాయి, ఎర్రనేల, చూసి పెట్టండి సార్ అన్నాడు. ముగ్గురూ పోయి వచ్చారు. ముందు భాగ్య ఊళ్లో ఇళ్లకు పోయిందట, ఆమె వచ్చి సరే అన్నాకే సార్ టేపు తీశాడట. ధార ఒక్క ఇంచే, కానీ అది మే నెల ఇంచు. రెండెకరాల బత్తాయికి చాలదు, అర ఎకరంలో మాత్రం పెట్టుకొమ్మని, మిగతాది తక్కువ నీళ్లకు ఓర్చుకునే సీతాఫలం పెట్టుకొమ్మని చెప్పాడు. భూపాల్ ఈసారి ఈకలు పీకే మాట ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం సార్ రిపోర్టు చెబుతుంటే కొట్టాను. లోతు, ధార, చుట్టుపక్కల బోర్లు. తర్వాత ఎప్పుడూ లేని ఒక వరస చెప్పాడు: మే నెలలో తాగునీరు ఎక్కడిది, ఊరి ఆడవాళ్లను అడిగి రాసినది. నాలుగిళ్లు, నాలుగు పేర్లు, డ్రమ్ములు లేవు. అదీ కొట్టాను. పరిశీలించినవారు అన్నాడు, దేవకుమార్ అన్నాడు. నేను చుక్క పెట్టబోయాను.

"కామా పెట్టు నర్సమ్మా" అన్నాడు.

పెట్టి ఆయన వైపు చూశాను. రెండుసార్లు నోరు తెరిచాడు, గొంతు రాలేదు. మూడోసారికి వచ్చింది. బెత్సీ అన్నాడు.

పోయినవాళ్ల పేరు రిపోర్టు కింద పెట్టకూడదని నాకు తెలుసు. తప్పున్న కాగితం నా షాపులోంచి ఇన్నేళ్లలో ఒక్కటీ బయటికి పోలేదు. కొట్టాను. ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను. ఆ పేరు మీద సుద్ద అంటిన వేలు పెట్టుకుని, స్టూలు మీద వంగిపోయి, దేవకుమార్ సార్ ఏడ్చాడు. నేను లేచి వెళ్లి షట్టరు సగం దించాను.